తెల్లనాచు

డాక్టర్ ఇందుశేఖరం మీద ఎల్లాజీకున్న కక్ష జీతం గురించి కాదు, చాకిరీ గురించీ కాదు. జీతం ఒకటో తారీకునే పడేది. చాకిరీ అందరూ చేసేదే. ఆ మనిషి ఒక్క మాట దాచాడు. నాలుగు ముక్కల మాట. ఎదురుగా కూర్చుని, "పప్పులో ఉప్పు సరిపోయిందా ఎల్లాజీ?" అని అడిగిన నోటితోనే ఆ మాటని మూడు రోజులు మింగి కూర్చున్నాడు. పెద్ద చదువులు చదివినవాడు, నాలుగు దేశాల నీళ్లు తాగినవాడు. మైలపల్లి ఎల్లాజీ చదివింది అయిదో తరగతి. అయినా ఒకడి ఇంటిమీద పిడుగు పడితే వాడికి ఆ సంగతి చెప్పాలన్న ఇంగితం అయిదో తరగతిలోపే వస్తుంది. అప్పటికి రాకపోతే ఆ తరవాత ఎన్ని చదివినా రాదు.

ఉప్పాడ దాటి ఉత్తరంగా పోతే సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలు కనిపిస్తాయి. దివాలా తీసిన ఒక హేచరీని ఇందుశేఖరం పనిచేసే కంపెనీ కొని, లోపలి గోడలు పడగొట్టి, గదంత గాజుతొట్టి కట్టించింది. అందులో పగడాలు పెంచారు. ఉంగరంలో పొదిగే రాళ్లు కావు, బతికున్నవి. కొమ్మలు కొమ్మలుగా, వేళ్లు చాపినట్టు, ఊదారంగులో, చిలకపచ్చలో ఉండేవి. వాటి ఆయువంతా నీళ్లలోనే. నీళ్లలో సున్నం తగ్గితే పగడం ఎముక కట్టదు. మిగిలిన మేతా చేపల మలమూ కుళ్లి నైట్రేటూ ఫాస్ఫేటూ పెరిగితే నాచు లేస్తుంది. జుట్టులాంటి పచ్చనాచు. వారం తిరిగేసరికి పగడాన్ని ఊపిరాడనివ్వకుండా కప్పేస్తుంది. పోనీ అవి రెండూ బొత్తిగా లేకుండా తీసేస్తే పగడం కూడా పస్తుండి, పాలిపోయి చస్తుంది. ఉండీ లేనట్టుండాలి. అదీ చిక్కు.

గొట్టాల్లో నీళ్లు పోసి, రంగు చూసి, కొలిచి సరిచేసేలోపు ఒక పూట పోతుంది. నాచుకి ఆ పూట చాలు. అందుకని ఇందుశేఖరం ఒక పొర పెంచాడు. పగడం ఒంటి జిగురూ మనిషి చర్మమూ కలిపి పెంచిన పొర, ఉల్లిపొరంత పలచన. సగం తొట్టిలో రాళ్ల కింద అతికించాడు. సగం ఆ తొట్టి పనికి కుదిరిన ఎల్లాజీ ఎడమ ముంజేతి లోపలివైపు. ఎంత దూరాన ఉన్నా ఆ రెండు సగాలూ ఒకే ప్రాణంలా మసులుతాయి. ఎలాగని ఎల్లాజీ ఒకసారి అడిగాడు.

"కవలపిల్లలు లేరూ, అలాగన్నమాట" అన్నాడు ఇందుశేఖరం.

తమకి తెలియనిదాన్ని చదువుకున్నవాళ్లు అలాగే చెబుతారు. నలుగురికి అతికిస్తే ముగ్గురికి చీముపట్టి ఊడిపోయింది, ఎల్లాజీకి పట్టింది. అందులో గొప్పేమీ లేదు. గజ్జి కూడా కొందరికే పడుతుంది.

నెల తిరిగేసరికి తొట్టి నీళ్లు అతని ఒంట్లోకి వచ్చాయి. సున్నం తగ్గితే మోకాళ్లు పీకేవి. లేచి సున్నపుతేట బొట్లుబొట్లుగా వదిలేవాడు, పీకుడు ఆగేది. ఫాస్ఫేటు పెరిగితే నాలుక మొదట్లో తుప్పు రుచి. నైట్రేటయితే ముంజేయి దురద. అప్పుడు పంచదార నీళ్లు కొలిచి పోసేవాడు. కంటికి కనపడని క్రిములు ఆ తీపి తిని, బలిసి, నైట్రేటుని కూడా మింగి, నురుగు తీసే గొట్టంలోంచి బయటికి పోయేవి. నీళ్లు పరీక్ష చేసే సునంద గొట్టాలు పట్టుకుని వచ్చేసరికి పని అయిపోయి ఉండేది. ఆరు నెలల పాటు తొట్టిలో నాచు అన్నది లేదు.

అది వెనక్కి కూడా నడుస్తుందని ఎవరూ అనుకోలేదు. ఒక ఆదివారం గట్టుపేటలో, ఇంటిదగ్గర, వల పంపకం గురించి బావమరిదితో మాటామాటా వచ్చి ఎల్లాజీ చెయ్యెత్తాడు. సోమవారం పనిలోకి వెళ్లేసరికి తొట్టి ముందు సునంద నిలబడి ఉంది.

"నిన్న నాలుగింటికి మీరేం చేశారు ఎల్లాజీ గారూ?"

"ఏం సేత్తాను, ఇంటికాడున్నాను."

"నాలుగింటికి నీళ్లు తెల్లగా విరిగిపోయాయి. పగడాలన్నీ ముడుచుకుపోయాయి. పావుగంట. మళ్లీ వాటంతటవే విచ్చుకున్నాయి."

ఎల్లాజీకి నవ్వొచ్చింది. "మా బావమరిదిని కొట్టేనమ్మా. దీనికెవరు సెప్పేరో మరి."

ఇందుశేఖరానికి మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఎల్లాజీ కోపం, తాపం, కల్లు, తగువు అన్నీ కంపెనీ సొత్తయిపోయాయి. తాగకూడదు. కొట్లాడకూడదు. జ్వరం వస్తే ముందు కబురు పెట్టాలి. పొరని ఎవరూ ముట్టుకోకూడదు. వీటన్నిటికీ బదులు మెరకమీద, రోడ్డు పక్కన ఇంటిస్థలం. పై దేశం నుంచి కొనేవాళ్లు వచ్చి తొట్టి చూసేరోజున నాచు పోగు కూడా లేకుండా ఉంటే, ఆ సాయంత్రమే రిజిస్ట్రేషను.

ఎల్లాజీకి కావలసింది అదొక్కటే. గట్టుపేటని సముద్రం ఏటా ఒక వరస చొప్పున తింటోంది. వాళ్ల ముందు వరస ఇళ్లు పోయినేడు పోయాయి. ఇప్పుడు ముందు వరస వాళ్లదే. ఈ వానల్లోపు తల్లి పైడమ్మని మెరకమీదికి చేర్చాలి.

"నేనెక్కడికీ రాను" అనేది పైడమ్మ. "మెరకమీద నిద్దరెలా పడతాదిరా? సెవుల్లో హోరుండదు."

"హోరు నీ మంచందాకా వచ్చేక పడతాదేటి నిద్దర?" కోడలు కాసులమ్మ అందుకునేది. "అత్తా, నువ్వు రాకపోతే మేవెళ్తాం. కెరటానికి అన్నం నువ్వే వొండిపెట్టు."

"దానికి నా సేతి వొంట అలవాటేలే. మీ మావని పడవతో సహా తినేసింది."

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ పైడమ్మ చేతుల్లో కొడుకు ముంజేయి ఉండేది. మొదటిసారి పొరని చూసినప్పుడు "ఏటిరా ఇది, బల్లి పొట్టలాగ?" అంది.

"కంపినీవోళ్లు అతికించేరే. ఎవరూ ముట్టుకోకూడదంట."

"నేను ఎవరో అయిపోయేనేటి? దురదంటన్నావు, నేను కాకపోతే పక్కింటోళ్లొచ్చి రుద్దుతారా?"

ఆముదంలో పసుపు కలిపి, అరచేయి గుంటతో నొక్కి నొక్కి మర్దనా చేసేది, రోజూ దీపం పెట్టే వేళకి. అది కంపెనీలో చెప్పాలని ఎల్లాజీకి తోచలేదు. ఎవరూ ముట్టుకోకూడదంటే బయటివాళ్లని. అమ్మ ముట్టుకుంటే ముట్టుకున్నట్టా? కొన్నాళ్లకి ఆవిడ అరచేతి గుంటలో రూపాయంత మేర తళుకు పట్టింది. అదీ ఎవరికీ తోచలేదు. నలభై ఏళ్లు ఎండుచేపలు అమ్మిన మనిషి చేతిలో పొలుసు మెరిస్తే ఎవరు పట్టించుకుంటారు?

కొనేవాళ్లు వచ్చే వారం ఎల్లాజీని కంపెనీలోనే ఉండమన్నారు. ఫోను తీసుకుని బీరువాలో పెట్టారు. వారమే కదా అనుకున్నాడు. బయలుదేరేటప్పుడు పైడమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. "మెరకమీద మీ ఆవిణ్ణెట్టుకో, నన్ను మాత్రం రమ్మనకు" అంది తలెత్తకుండానే. అతనూ వెనక్కి తిరిగి చూడలేదు.

సోమవారం పొద్దున పగడాల మొదట్లో తెల్లగా ఏదో కదిలింది. దారప్పోగులా ఉంది. దూదేమోనని ఎల్లాజీ చెయ్యి పెట్టాడు. నాచు. మెత్తగా, పట్టులా ఉంది. నాచులో పచ్చ చూశాడు, ఎరుపు చూశాడు, నలుపూ చూశాడు. తెలుపు చూడలేదు.

సునంద రెండుసార్లు పరీక్ష చేసింది. "నైట్రేటు లేదు. ఫాస్ఫేటు లేదు. దీనికి తినడానికే ఏమీ లేదండీ. దేంతో పెరుగుతోంది?"

"నాకూ దురదలేదు, తుప్పూ లేదు" అన్నాడు ఎల్లాజీ. "ఒకటే, పొద్దుటినుంచీ ఎడం సెయ్యి బరువుగా ఉంది. మూతి ఓ పక్కకి లాగుతున్నట్టుంది. మాట ముద్దగా వత్తందా?"

ఇందుశేఖరం అప్పుడే గదిలోకి వస్తున్నాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"కోడికూతప్పటినుంచి సారూ."

ఆయన ముఖంలో రంగు మారడం ఎల్లాజీ చూశాడు. తన గురించే కంగారుపడుతున్నాడనుకున్నాడు, పాపం అనుకున్నాడు కూడా. ఆయన గడియారం చూసుకున్నాడు, తొట్టి చూశాడు, సునందని చూశాడు. తరవాత మామూలు గొంతుతో, "చీకటి పెడదాం" అన్నాడు. "మూడు రోజులు. ఎంతటి నాచయినా వెలుగు లేకపోతే చావాల్సిందే. పగడాలు తట్టుకుంటాయి."

అది అందరూ చేసే వైద్యమే. నల్ల టార్పాలిన్లు తెచ్చి నాలుగువైపులా కప్పారు. అంచులకి టేపు వేసి, సూదిమొనంత వెలుగు కూడా పోకుండా ఎల్లాజీయే తన చేతులతో మూశాడు.

మూస్తున్నప్పుడే అతనికి కళ్లు మసకలు కమ్మాయి. కిటికీలోంచి ఎండ పడుతూనే ఉంది, తన చేతులు తనకి కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఏదో చీకటి, లోపలెక్కడో, తనది కాని చీకటి. రెండో రోజు గొంతు ఎండుకుపోయింది. నీళ్లు తాగితే తీరలేదు. బయటి గొట్టంలోంచి తొట్టిలోకి సున్నపుతేట వదిలితే ఒక్క గుటక దిగినట్టయింది. ఆ తరవాత ఎవరో పిలుస్తున్నట్టు అనిపించడం మొదలైంది. పిలుపు చెవులకి కాదు, ముంజేతికి. టార్పాలిను కొస ఎత్తి చూద్దామా అన్నాడు.

"ఒక్క క్షణం వెలుగు తగిలినా మొదటికొస్తుంది" అన్నాడు ఇందుశేఖరం. "నీ స్థలం కాగితాలు టైపు చేయించాను. ఓర్చుకో."

ఓర్చుకున్నాడు. ఆ పూట ఇద్దరికీ కలిపి భోజనం తెప్పించింది ఆయనే. ఉప్పు సరిపోయిందా అని అడిగింది అప్పుడే.

మూడో రోజు పొద్దున, ఇంకా టార్పాలిన్లు తియ్యకముందే, ఎల్లాజీ ఒంట్లో అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. బరువు లేదు, లాగుడు లేదు, దాహం లేదు. పిలుపు లేదు. ఒళ్లు ఖాళీ సంచిలా తేలికయింది. వైద్యం పారిందని అనుకున్నాడు. "పోయింది సారూ, పోయింది" అన్నాడు సంతోషంగా. ఆ మాట అన్నందుకు ఈనాటికీ తన నోరు తనకి అసహ్యం.

టేపు ఊడదీసి టార్పాలిను లాగారు.

రాయి రాయికీ తెల్లనాచు. మూరెడు పొడుగు. మూడు రోజులు వెలుగు లేదు, తిండి లేదు, అయినా పెరిగింది. పంపు నీళ్లని కుడివైపుకి తోస్తోంది. నాచు మాత్రం ఎదురుగా, గాజు ఇవతల ఎల్లాజీ నిలబడ్డవైపుకి వాలి ఉంది. మధ్యలో దువ్వెనతో తీసినట్టు పాపిడి. ఎల్లాజీ రెండడుగులు పక్కకి జరిగాడు. నాచూ జరిగింది.

సునంద చేతిలో గొట్టం కిందపడి పగిలింది. "ఇంక నావల్ల కాదు డాక్టరు గారూ" అంది. ఎల్లాజీ వైపు తిరిగింది. "మీ అమ్మగారికి సోమవారం పక్షవాతం వచ్చిందండీ. మీ ఆవిడ రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. ఇందాక మళ్లీ చేసింది. మీ అమ్మగారు పోయారు."

ఎల్లాజీ ఇందుశేఖరాన్ని చూశాడు. ఆయన తల దించుకోలేదు.

"చెబితే నువ్వు ఏడుస్తావు" అన్నాడు. "నువ్వు ఏడిస్తే ఇది చస్తుంది. మూడేళ్ల పని."

తలకొరివి పెట్టాల్సినవాడు రాలేదని గట్టుపేటలో శవాన్ని ఆపి ఉంచారు. కాసులమ్మ అతన్ని చూసి ఏడవలేదు, తిట్టనూ లేదు. నిలబెట్టి మాట్లాడింది.

"రోజూ సెప్పేను ఆ సారుకి. సెప్తానమ్మా, పంపిత్తానమ్మా అన్నాడు. మా తమ్ముణ్ణి పంపితే గేటుకాడ ఆపేసేరు. సోమవారం మద్దేనం నుంచీ ఒకటే గోల మావా, సీకటి సీకటి అని. తలుపులు తీసేను. మంచం అరుగుమీదకి లాగేను. నెత్తిమీద సూరీడున్నాడు. అయినా సీకట్రా ఎల్లాయ్, దీపం ఎట్టమనరా అంటది. దీపం ఎట్టేను. మొకం మీదకెట్టినా సీకటే అంది. ఎవరో గుడ్డ కప్పేత్తన్నారు, తియ్యమనరా అంది. మంగళారం ఒక్కపాలి గంజి మింగింది, అంతే."

స్నానం చేయించేటప్పుడు ఎల్లాజీ తల్లి అరచెయ్యి విప్పి చూశాడు. గుంటలో పొర, ఉల్లిపొరంత పలచన. ఇంకా తడిగా ఉంది. ముందురోజువరకూ చిక్కు పడి ఉన్న ఆవిడ తెల్లజుట్టుని కాసులమ్మ దువ్వి పాపిడి తీసింది. ఎల్లాజీ అటు చూడలేకపోయాడు.

చిన్నదినం మర్నాడు ఇందుశేఖరం కారులో వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చుని, తెచ్చిన అరటిపళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరికివ్వాలో తెలియలేదు కాబోలు.

"కొనేవాళ్లు పది రోజులు వాయిదా వేసుకున్నారు" అన్నాడు. "కాగితాలు నా సంచిలో ఉన్నాయి. ఆ తెల్లది మాత్రం తియ్యాలి. మా వాళ్లు పట్టుకుంటే తెగుతోంది, తెగినచోట రెండు లేస్తున్నాయి. నీ చేతికైతే వస్తుందేమోనని..."

"ఏటది, తెలుసా మీకు?" అన్నాడు ఎల్లాజీ.

"తెలుసు. అంటే, ఊహించాను. ఎల్లాజీ, ఆవిడ కాదది. ఆవిడ ఒంటి లెక్క తొట్టిలో మిగిలిపోయింది, అంతే. గోడమీద నీడలాంటిది" అన్నాడు.

కాసులమ్మ గుమ్మంలోంచి, "ఎల్లు మావా" అంది. "ఎలాగూ పోయింది. వోనలొత్తన్నాయి. పిల్లల్నెక్కడ పడుకోబెడతావు?"

ఆ మాట నిజం. ఎల్లాజీ వెళ్లాడు.

తొట్టి దగ్గర ఎవరూ లేరు, సునంద ఉద్యోగం మానేసిందట. ఇందుశేఖరం గుమ్మంలో నిలబడ్డాడు. ఎల్లాజీ చొక్కా చెయ్యి మడిచి, ఎడంచెయ్యి మోచేతిదాకా నీళ్లలో పెట్టాడు. పిడికిలి బిగించి మొదలంటా లాగెయ్యాలి, బకెట్టులో వేసెయ్యాలి, మెరకమీదికి పోవాలి. అవే మనసులో అనుకుంటున్నాడు.

నాచు ముంజేతిని చుట్టుకుంది. తెగలేదు, లాగలేదు. పొర ఉన్నచోట గుండ్రంగా ముద్దకట్టి, నొక్కి, వదిలి, మళ్లీ నొక్కింది. పైనుంచి కిందికి, మణికట్టు దగ్గర ఆగి, మళ్లీ పైకి. తన పనేదో తాను చేసుకుంటున్నట్టు, తొందరేమీ లేనట్టు.

ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికి తెలియదు.

"వస్తోందా?" అన్నాడు ఇందుశేఖరం.

"రాదు."

"లాగి చూడు."

"నేను లాగను సారూ."

"సరే" అన్నాడు ఆయన నిదానంగా. "అయితే సాయంత్రం బ్లీచింగు పోయిస్తాను. పగడాలు పోతే పోతాయి, రాళ్లమీద మళ్లీ మొదలుపెడతాం. ఇంకో మనిషిని చూసుకుంటాను. స్థలం సంగతి ఇంక నన్నడగకు."

ఆ హేచరీకి నీళ్లు సముద్రంలోకి వదిలే పెద్ద గొట్టం ఉంది. రొయ్యపిల్లల రోజులనాటిది. దాని చక్రం తుప్పుపట్టి బిగిసిపోయింది. ఎల్లాజీ రెండు చేతులతో వేలాడి తిప్పాడు. ఇందుశేఖరం భుజం పట్టుకుని లాగాడు, అతను కదలలేదు. నీళ్లు గుడగుడమని దిగడం మొదలెట్టాయి. ఊదారంగు కొమ్మలు ఒకటొకటిగా గాలిలోకి తేలి, జిగురు కార్చి, వేలాడిపోయాయి. మూడేళ్ల పని. తెల్లనాచు చివరిదాకా ఆగింది. అడుగున జానెడు నీళ్లున్నప్పుడు రాళ్లనుంచి దానంతటదే ఊడి, ఒక్క పోగు చిక్కుపడకుండా, పాయలు పాయలుగా అల్లుకుని, గొట్టంలోకి జారింది. ఆటు మొదలయ్యే వేళ. తీసుకుపోయింది సముద్రం.

ఇందుశేఖరం గోడకి చేరగిలబడి, "నువ్వేం వదిలావో నీకు తెలుసా?" అన్నాడు. అప్పటికే ఎల్లాజీ రెండు మోకాళ్లలోనూ నీళ్లు కదులుతున్నాయి. తొట్టెడు నీళ్లు కావవి. అంతులేనన్ని.

పొరని కత్తితో గీకి చూశాడు, రాలేదు. ఇప్పుడు ఆటూ పోటూ అతని ఒంట్లోనే. పోటు ఎక్కేటప్పుడు ముంజేయి చల్లబడుతుంది. ఎక్కడో దూరాన నూనె ఓడ వదిలిన మురికి నాలుక మొదట్లో తగులుతుంది. దానికి పొయ్యడానికి సున్నపుతేట ఎక్కడినుంచి తెస్తాడు?

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజుల ముందే ఎల్లాజీ సామాను బయట పెట్టించి, పిల్లల్ని బడి వరండాలోకి చేర్చాడు. కెరటాలు విరుచుకుపడలేదు. నీళ్లు చప్పుడు లేకుండా వచ్చి, అటూ ఇటూ ఇళ్లని వదిలేసి, వాళ్ల ఒక్క ఇంటికిందే ఇసకని మెత్తగా తోడుకుపోయాయి. గోడలు కూలలేదు, దిగాయి. వెళ్లిన దారిలో తెల్లటి పోగులు కొన్ని ఇసకమీద మిగిలాయి. కాసులమ్మ వాటిని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి వచ్చింది.

"అత్తకి ఇల్లొదిలి ఉండడం సేతకాలేదు" అంది.

ఎల్లాజీ పోయినదానికి లెక్క కట్టుకున్నాడు. మెరకమీద రావలసింది నాలుగున్నర సెంట్లు, రాలేదు. గట్టుమీద ఉన్నది ఏడుంబావు సెంట్లు, పోయింది. వెరసి పదకొండు సెంట్ల ముప్పావు.